నవంబర్‌లోనే పంపేయాలా, జనవరి దాకా ఆగాలా?

ప్రశ్న: మాది నెల్లూరు, పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మాయి సీబీఎస్‌ఈ 12వ తరగతి. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదువుతానంటోంది. కన్సల్టెన్సీవాళ్లు 'అర్లీ డెసిషన్ పెట్టేయండి, సీటు తేలిగ్గా వస్తుంది' అంటున్నారు. స్కాలర్‌షిప్ ఎంతో కొంత రాకపోతే మాకు కష్టం. 11లో మార్కులు కాస్త తగ్గాయి. ఎప్పుడు పంపమంటారు?

జవాబు: స్కాలర్‌షిప్ లేకపోతే కష్టమని మీరే రాశారు కాబట్టి అర్లీ డెసిషన్ జోలికి వెళ్లొద్దు. అది ఒకే ఒక్క కాలేజీకి పెట్టేది. సీటిస్తే చేరతాం, మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకుంటాం అని అమ్మాయి, మీరు, స్కూల్ కౌన్సిలర్ ముగ్గురూ సంతకం పెట్టాలి. ధర అడక్కముందే చీర కొంటామని మాటివ్వడం లాంటిది. డిసెంబర్ మధ్యలో ఫలితం వచ్చాక, వాళ్లిచ్చే సాయం చాలకపోతే తప్పుకోవచ్చు, నిజమే. కానీ అప్పటికి పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంకో కాలేజీ ఆఫర్ మీ చేతిలో ఉండదు.

సీట్ల శాతం అర్లీలో ఎక్కువన్న మాట అబద్ధం కాదు. అయితే ఆ లెక్కలో కాలేజీ ముందే ఎంచుకున్న క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు కూడా ఉంటారు. పైగా చాలా కాలేజీలు విదేశీ విద్యార్థి సాయం అడిగాడా లేదా అన్నది కూడా చూసే సీటిస్తాయి. ఆ తేడా మొత్తం మీ అమ్మాయికి కలిసొస్తుందనుకోకండి.

మీకు పనికొచ్చేది అర్లీ యాక్షన్. గడువు అదే, ఎక్కువచోట్ల నవంబర్ 1. కానీ కట్టుబడి ఉండక్కర్లేదు, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. పర్డ్యూ, ఇల్లినాయ్ లాంటి చోట కంప్యూటర్ సైన్స్‌కు పోటీ ఎక్కువ, అక్కడ నవంబర్ గడువుకే పెట్టేయండి. కాకపోతే ప్రభుత్వ యూనివర్సిటీల్లో మనవాళ్లకు సాయం తక్కువే. మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చే అరిజోనా స్టేట్ లాంటివి కూడా లిస్టులో ఉండాలి. కొన్ని కాలేజీలు ముందుగా పంపినవాళ్లనే స్కాలర్‌షిప్‌కు పరిశీలిస్తాయి. ఆ గడువు విడిగా రాసి ఉంటుంది, వెతికి చూడండి.

మార్కుల సంగతి. హాఫ్ ఇయర్లీ ఫలితాలు అక్టోబర్‌లోనే వచ్చి, బాగుంటే వాటిని కూడా పంపమని స్కూలును అడగండి. ఆలస్యమైతే గట్టి కాలేజీలను జనవరి మొదటివారం గడువుకే ఉంచండి. 11వ తరగతి మార్కులు ఒక్కటే చూసి వాళ్లు ఒక అభిప్రాయానికి రావడం కంటే అది నయం.

బెంగళూరువాళ్లు తరచూ ఇరుక్కునేది ఇంకోచోట. నవంబర్ 1 కన్నడ రాజ్యోత్సవం, స్కూలుకు సెలవు. దానికి ముందు దసరా సెలవులు, అటూ ఇటూగా దీపావళి. మార్కుల పత్రాలు, టీచర్ల సిఫార్సు లేఖలు అప్‌లోడ్ చేయాల్సింది స్కూలు, మీరు కాదు. అందుకని దసరా సెలవులకు ముందే టీచర్లను అడిగి పెట్టుకోండి. 31 సాయంత్రం కౌన్సిలర్ ఫోన్ ఎత్తకపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

'అమెరికాలో ఇంకా పగలేగా' అని కూడా అనుకోవద్దు. చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్ కామన్ యాప్‌లో గడువు మీ ఊరి టైమ్ ప్రకారం రాత్రి 11:59. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా లాంటి సొంత పోర్టల్ ఉన్నచోట వాళ్ల టైమ్ వేరు. ఫీజు కట్టగానే అప్లికేషన్ వెళ్లిపోయినట్టు కాదు, ఆ తర్వాత అమ్మాయి సంతకం చేసి సబ్మిట్ నొక్కాలి. డబ్బు కట్టేసి నిశ్చింతగా పడుకున్న పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు.

జనవరి గడువున్న కాలేజీలు అప్లికేషన్‌లో అడిగే వ్యాసాలు కూడా నవంబర్ నెలలోనే రాయించేయండి. డిసెంబర్‌లో ప్రీబోర్డులు, జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి విడత, ఫిబ్రవరిలో బోర్డు పరీక్షలు. కన్సల్టెన్సీవాళ్లకు వాళ్లు అర్లీ డెసిషన్ పెట్టమంటున్న కాలేజీ నుంచి కమిషన్ వస్తుందేమో మొహమాటపడకుండా ఈ వారమే అడగండి.