పాఠకుల ప్రశ్నలు: చలిలో హాలోవీన్

ప్రశ్న: మేం డబ్లిన్‌లో ఉంటాం. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు. హాలోవీన్ వేషాల మీద కోటు వేసుకోమంటే పేచీ పెడతారు. మిఠాయిలడుగుతూ ఇల్లిల్లూ తిరిగొచ్చాక, మన దీపావళిలాగా కాకరపువ్వొత్తులు కాల్పించొచ్చా?

జవాబు: వెచ్చదనం వేషం కింద ఉంటే పేచీ ఉండదు. వేషం ఒక సైజు పెద్దది కొని, లోపల థర్మల్, దాని మీద పల్చటి ఉన్ని స్వెట్టరు తొడగండి. అడుగున నూలు బనీను వద్దు. పిల్లలకు చెమట పట్టినా, జల్లు పడినా నూలు ఆ తడిని వదలదు, ఒళ్లు చల్లబడిపోతుంది. మాస్కు కంటే మొహానికి రంగులు నయం. మాస్కుంటే పక్క నుంచి వచ్చే కారు కనబడదు. గడియారాలు అప్పటికే గంట వెనక్కి జరిగి ఉంటాయి కనుక హాలోవీన్ రోజు, అక్టోబరు 31న ఐదింటికే పొద్దుగూకుతుంది. ఐదున్నరకు బయల్దేరితే ఏడింటికల్లా ఇల్లు చేరొచ్చు.

ఇక కాకరపువ్వొత్తులు. ఐర్లండ్‌లో మామూలు జనం కాల్చుకోదగ్గవి ప్యాకెట్ మీద ‘ఎఫ్1’ అని ముద్రించినవే. చిచ్చుబుడ్లు, రాకెట్లు లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. ఉత్తర ఐర్లండ్‌లో కొని తెచ్చినా అంతే.

వెలిగించే ముందు వేషం విప్పించండి. ఇది మాత్రం మరవొద్దు. కొనే వేషాలు చాలావరకు పాలియెస్టరువి. నిప్పంటుకుంటే అది కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఒత్తి కొస వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. ఉన్ని కోటు వేసి, చేతులకు ఉన్నివో తోలువో గ్లవ్స్ తొడగండి. ఫ్లీస్‌వి పనికిరావు, అవీ కరిగే రకమే.

అక్కడి చెమ్మకు ఒత్తులు ఓ పట్టాన అంటుకోవు. విసిగిపోయి నాలుగు కలిపి వెలిగిస్తే అన్నీ ఒక్కసారి భగ్గుమంటాయి. గాలి చొరబడని డబ్బాలో ఉంచి ఒక్కొక్కటే తీయండి. గాలి తగలని మూల కొవ్వొత్తి పెట్టి, మంట అంచున ఒత్తి కొసను ఏటవాలుగా పట్టుకోండి. ముందు బూడిదరంగు మందు ఎర్రబడుతుంది, ఆ తర్వాత చిటపటమంటూ పూలు రాలతాయి. అప్పుడు పాప చేతికివ్వండి, చెయ్యి బారచాచి పట్టుకోమనండి. బాబుకి ఇవ్వకండి, ఐదేళ్లు నిండాలి. వాణ్ని ఎత్తుకుని మీరు కాల్చడమూ వద్దు. ఆరిన తీగ చాలాసేపు చుర్రుమంటూనే ఉంటుంది. పక్కనే నీళ్ల బకెట్ పెట్టుకుని అందులో వేయండి.

ప్రశ్న: ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో ఫోయిల్ నది మీద హాలోవీన్ బాణసంచా చూడాలని ఉంది. డబ్లిన్ నుంచి కారులో వెళ్తే సరిపోతుందా?

జవాబు: ముందు వీసా చూసుకోండి. దారిలో సరిహద్దు గేటేమీ ఉండదు గానీ అవతల యూకే. భారత పాస్‌పోర్టు మీద ఐఆర్‌పీ కార్డు (ఐర్లండ్ నివాస అనుమతి) ఒక్కటే చాలదు, యూకే వీసా ఉండాలి. ఈ సంగతి తెలియక చిక్కుల్లో పడతారు. దారి మూడు, మూడున్నర గంటలు. అవతల చెల్లేది పౌండ్లు. నది ఒడ్డున కదలకుండా నిలబడితే చలి ముందు పాదాలకే ఎక్కుతుంది. బిగుతు బూట్లలో రెండు జతల సాక్సు ఇరికిస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. మందపాటి ఉన్ని జత ఒక్కటి, కాస్త వదులు బూట్లు చాలు. పసిపిల్లలకు చెవులు మూసే ఇయర్‌మఫ్స్ తీసుకెళ్లండి.

ప్రశ్న: ఉంగరం పెట్టే ఐరిష్ కేకు ఇంట్లో చేయొచ్చా?

జవాబు: ఆ కేకు పేరు బార్మ్‌బ్రాక్, చేయడం సులువే. 350 గ్రాముల ఎండుద్రాక్షలను 250 మి.లీ. పాలులేని చిక్కటి టీలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఆ టీతో సహా 225 గ్రాముల మైదా, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, 125 గ్రాముల బ్రౌన్ షుగర్, ఒక గుడ్డు, అర చెంచా మిక్స్‌డ్ స్పైస్ (దాల్చినచెక్క, జాజికాయ లాంటి మసాలాల పొడి) కలిపి, 180 డిగ్రీల వేడిలో గంటసేపు. టీ వేడిగా ఉండగా గుడ్డు వేస్తే ఉడికి గడ్డకడుతుంది. ఉంగరాన్ని బేకింగ్ కాగితంలో పెద్ద పొట్లంగా చుట్టి పిండిలో పెట్టండి. ఎవరి ముక్కలో వస్తే వారికి ఏడాదిలో పెళ్లని అక్కడి నమ్మకం. చిన్నపిల్లల ముక్కను మాత్రం మీరే విరిచి చూసి ఇవ్వండి.