విడాకుల చట్టం విషయంలో కోర్టులు హద్దు మీరుతున్నాయా? కుటుంబ న్యాయస్థానంలో వాదించే ప్లీడరుగా నా జవాబు

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. వివాహ చట్టాల విషయంలో న్యాయమూర్తులు శాసనకర్తల పని చేస్తున్నారని పార్లమెంటులో సభ్యులు పదే పదే అంటున్నారు, అది నిజమేనా అన్నది ఒకటి. ఎనిమిదేళ్లుగా విడిగా ఉంటున్నా అవతలి పక్షం ఒప్పుకోక విడాకులు రాని మీలాంటివాళ్లకు సుప్రీంకోర్టు 2023 నాటి తీర్పు పనికొస్తుందా అన్నది రెండోది. రెండోదానికే ముందు జవాబు చెబుతాను. మీ కేసు ఉన్న కుటుంబ న్యాయస్థానంలో అది నేరుగా పనికిరాదు.

2023 మే 1న శిల్పా శైలేష్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. కాపురం ఇక అతికే అవకాశమే లేదని తేలితే, ఒకరు ఒప్పుకోకపోయినా పూర్తి న్యాయం చేసేందుకు తగిన ఉత్తర్వులిచ్చే అధికారమిచ్చిన రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద సుప్రీంకోర్టు విడాకులు ఇవ్వవచ్చంది. ఆరేళ్లు, అంతకుమించి విడిగా ఉండటాన్ని ముఖ్యంగా చూడాలంది. అయితే ఆ అధికారం సుప్రీంకోర్టు ఒక్కదానికే ఉంది. హైకోర్టుకు లేదు, కుటుంబ న్యాయస్థానానికి అసలే లేదు. ఈ ఒక్క కారణం మీద కింది కోర్టుకు వెళ్లకుండా నేరుగా పైకోర్టులో రిట్ పిటిషన్ వేయడం కూడా కుదరదని అదే తీర్పు తేల్చింది. కింది కోర్టు, హైకోర్టు దాటుకుని ఢిల్లీ దాకా కేసు నడిపించగల స్తోమత ఉన్నవాళ్లకే ఆ ఊరట. నా కక్షిదారుల్లో ఎక్కువమంది ఇక్కడ వాయిదాకు రావడానికే ఒక రోజు కూలి వదులుకునేవాళ్లు.

అందుకే హద్దుల గొడవ టీవీలో వింటున్నప్పుడు నాకు చిరాకేస్తుంది. ఎవరి అధికారం ఎక్కువ అన్న వాదనలో, కాపురం అతకదన్న కారణం విడాకుల చట్టంలో లేకపోవడం వల్ల కింద ఏం జరుగుతోందో ఎవరూ మాట్లాడరు.

హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద ఒకరు ఒప్పుకోకపోతే విడాకులకు ఏదో ఒక తప్పు నిరూపించాలి: క్రూరత్వమో, వివాహేతర సంబంధమో, రెండేళ్లు వదిలేసి వెళ్లడమో. పరస్పర అంగీకారంతో విడిపోయే 13బి సెక్షన్ 1976 సవరణలో వచ్చింది గానీ దానికి ఇద్దరి సంతకాలూ కావాలి. కొన్నేళ్ల కిందట ఒక స్కూలు టీచరు నా దగ్గరకు వచ్చారు. భర్త కొట్టలేదు, తాగలేదు, కట్నం అడగలేదు. పాప పుట్టినప్పటి నుంచి ఇద్దరూ వేర్వేరు ఊళ్లలో ఉంటున్నారు, మాటలు కూడా లేవు. ఆయన విడాకులకు ఎందుకు ఒప్పుకోలేదంటే పరువు పోతుందని, అంతే. ఆ పిటిషన్ రాయడానికి కూర్చుని నేను ఆవిడను అడిగిన మొదటి ప్రశ్న: "మిమ్మల్ని బాధపెట్టిన సంఘటన ఏదైనా చెప్పండి, తేదీతో సహా." ఆవిడ చాలాసేపు ఆలోచించి, అత్తగారు ఎప్పుడో అన్న ఒక మాట గుర్తు చేసుకున్నారు. అది క్రూరత్వమైంది. జవాబుగా వేసిన కౌంటరులో భర్త, ఆవిడే ఇల్లు వదిలి వెళ్లిందని, సహోద్యోగితో స్నేహం ఉందని రాయించాడు. అంతటితో ఆగక దాంపత్య హక్కుల పునరుద్ధరణ, అంటే భార్య తిరిగి కాపురానికి రావాలన్న ఉత్తర్వు కోరుతూ అదే చట్టం తొమ్మిదో సెక్షన్ కింద మరో కేసు వేశాడు. అప్పటిదాకా ఒకరి మీద ఒకరికి ద్వేషం కూడా లేని ఇద్దరు, క్రాస్ ఎగ్జామినేషన్ అయ్యేసరికి పాప పుట్టినరోజుకు కూడా కలవలేని స్థితికి వచ్చారు. ఆ ద్వేషంలో చాలా భాగం మా ప్లీడర్లం కాగితాల మీద తయారు చేసిందే. చట్టం అడిగింది కాబట్టి చేశాం.

ఈ లోపం కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదు. అతకని కాపురాన్ని విడాకులకు కారణంగా చేర్చాలని, చట్టాల మార్పులపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 1978లోనే, 71వ నివేదికలో సిఫారసు చేసింది. 1981లో బిల్లు వచ్చి మురిగిపోయింది. 2006లో నవీన్ కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఈ సంగతి ఆలోచించమంది. 2009లో లా కమిషన్ 217వ నివేదికలో మళ్లీ అదే చెప్పింది. అదే ఏడాది విష్ణుదత్ శర్మ కేసులో సుప్రీంకోర్టు, లేని కారణాన్ని చట్టంలో చేర్చడం తమ పని కాదంటూ విడాకులు నిరాకరించింది. అంటే అప్పట్లో హద్దు పాటించిన న్యాయమూర్తులూ ఉన్నారు. దానివల్ల పార్లమెంటు కదిలిందా అంటే, 2010లో రాజ్యసభలో వివాహ చట్టాల సవరణ బిల్లు పెట్టింది. 2013 ఆగస్టు 26న రాజ్యసభ దాన్ని ఆమోదించింది కూడా. లోక్‌సభ మాత్రం దాన్ని తేల్చకుండానే 2014లో రద్దయింది, బిల్లు మురిగిపోయింది. ముమ్మారు తలాక్ విషయంలో 2017 ఆగస్టులో తీర్పు వస్తే 2019 జులైకల్లా చట్టం చేసిన పార్లమెంటే ఇది. తలచుకుంటే చేయలేనిదేమీ కాదు.

అలాగని కోర్టులు ఎన్నడూ హద్దు మీరలేదని నేను అనను. 2017లో రాజేష్ శర్మ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరు, భార్యను భర్త, అత్తింటివారు హింసించడాన్ని నేరంగా చూసే 498ఎ సెక్షన్ కింది ఫిర్యాదులను జిల్లా స్థాయి కుటుంబ సంక్షేమ కమిటీలు పరిశీలించాలని, నివేదిక వచ్చేదాకా మామూలుగా అరెస్టులు వద్దని ఆదేశించారు. క్రిమినల్ ప్రక్రియలో చట్టంలో ఎక్కడా లేని ఒక అంచెను కల్పించడం అది. అచ్చమైన శాసనం. 2018 సెప్టెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనమే ఆ కమిటీలు చెల్లవంది. తీరా 2025 జులైలో, అలహాబాద్ హైకోర్టు మార్గదర్శకాలను సమర్థిస్తూ సుప్రీంకోర్టే ఇచ్చిన మరో తీర్పుతో సంక్షేమ కమిటీలు తిరిగి తెర మీదికి వచ్చాయి. ఎంపీలు నిజంగా ఆగ్రహించాల్సిన చోటు ఇలాంటిది. మరోవైపు స్వలింగ వివాహాల గురించి 2022 డిసెంబరులో రాజ్యసభలో బీజేపీ ఎంపీ సుశీల్ మోదీ, ఇంత పెద్ద సామాజిక విషయాన్ని ఇద్దరు న్యాయమూర్తులు కూర్చుని తేల్చలేరన్నారు. మరుసటి ఏడాది అక్టోబరులో అయిదుగురి ధర్మాసనం, ప్రత్యేక వివాహ చట్టాన్ని తిరగరాయడం పార్లమెంటు పనేనంటూ పక్కకు తప్పుకుంది. కాబట్టి "కోర్టులు ఎప్పుడూ మీరుతాయి" అన్నదీ నిజం కాదు.

నా దృష్టిలో కోర్టు చేయగలిగినదానికీ పార్లమెంటు చేయాల్సినదానికీ అసలు తేడా 2013లో రాజ్యసభ ఆమోదించిన ఆ బిల్లులో ఉంది. మూడేళ్లు విడిగా ఉంటే ఎవరైనా విడాకులు అడగవచ్చన్నది దాని మొదటి మాట. దాని పక్కనే మరికొన్ని ఉన్నాయి. విడాకులిస్తే తీవ్రమైన ఆర్థిక ఇబ్బందుల్లో పడతానని భార్య అభ్యంతరం చెప్పవచ్చు. పిల్లల పోషణకు ఏర్పాటు జరిగాకే డిక్రీ. భర్త స్థిరాస్తిని లెక్కలోకి తీసుకుని భార్యకు పరిహారం. అభ్యంతరం చెప్పే హక్కు భార్యకే ఎందుకని పురుషుల సంఘాలు గొడవ చేశాయి, అది సభలో తేల్చుకోవాల్సిన వాదనే. నా దగ్గరకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది విడాకులకు భయపడేది భర్త మీద ప్రేమతో కాదు, మనోవర్తి కాగితం మీదే మిగులుతుందని, ఉంటున్న ఇల్లు పోతుందని. 142 కింద సుప్రీంకోర్టు ఒక్కో కేసులో ఇంత మొత్తం ఇవ్వమని చెప్పగలదు. దేశంలో ప్రతి కుటుంబ న్యాయస్థానానికీ వర్తించే ఆస్తి సూత్రాన్ని మాత్రం చట్టమే రాయాలి. నిజానికి కోర్టు తీసుకున్నది ఈ పనిలో సులువైన సగమే.

తొమ్మిదో సెక్షన్ సంగతి కూడా ఒక మాట. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే, నటి సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టం లేని మనిషిని కాపురానికి పంపే అధికారం రాజ్యానికి ఎక్కడిదన్నది ఆయన వాదన సారాంశం. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందంది. పార్లమెంటు దాన్ని ఇప్పటికీ ముట్టుకోలేదు. ఇవాళ దాన్ని కాపురాలు నిలబెట్టడానికి కంటే మనోవర్తి ఎగ్గొట్టడానికే ఎక్కువగా వాడుతున్నారని మా బార్‌లో ఏ ప్లీడరును అడిగినా చెబుతారు.

ఇక మీ కేసు. 2023 ఏప్రిల్‌లో రాకేష్ రమణ్ కేసులో సుప్రీంకోర్టు, ఏళ్ల తరబడి విడిగా ఉండి, కేసుల మీద కేసులు నడిచి, బంధం పూర్తిగా తెగిపోతే దాన్ని కొనసాగించడమే ఇద్దరి మీదా క్రూరత్వం అంది. ఇది 142 కింద ఇచ్చింది కాదు, 13వ సెక్షన్‌లోని క్రూరత్వానికి చెప్పిన అర్థం. కాబట్టి కింది కోర్టులోనూ ఉదహరించవచ్చు. పిటిషన్‌లో క్రూరత్వం, రెండేళ్లకు పైబడిన పరిత్యాగం (వదిలేసి వెళ్లడం) రెండూ కారణాలుగా రాయించండి. విడిగా ఉన్న కాలానికి అద్దె ఒప్పందాలు, బదిలీ ఉత్తర్వులు, పిల్లల స్కూలు కాగితాలు ఉంటే ముందే జతపరచండి. అవతలివారు మధ్యలో మెత్తబడితే 13బి కిందకు మార్చుకోవచ్చు. తగిన కారణాలు చూపితే 13బి కింద ఉండే ఆరు నెలల నిరీక్షణను ఆ కోర్టే మినహాయించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసు తీర్పు ఉంది. దానికి ఢిల్లీ వెళ్లక్కరలేదు.