‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’ ప్రేమ పాటేనా?

కాదు, అది విడిచి వెళ్లిన మనిషిని నీడలా వెంటాడే వాడి పాట. బ్రిటన్ రాక్ సంగీత బృందం ‘ది పోలీస్’ గాయకుడు స్టింగ్ 1982లో, మొదటి భార్యతో కాపురం చెదిరిన రోజుల్లో, జమైకాలో దాన్ని రాశాడు. 1983లో విడుదలై అమెరికా బిల్‌బోర్డ్ పాటల ఆదరణ పట్టికలో వరుసగా 8 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ సంగీత పురస్కారం కూడా అందుకుంది.

ప్రేమ పాట అనుకునే పొరపాటుకు కారణం బాణీ. పాత ప్రేమ పాటల్లో లెక్కలేనన్ని సార్లు వినిపించిన స్వరాల వరసే ఇక్కడా ఉంది. దానిపై బృంద సభ్యుడు ఆండీ సమ్మర్స్ గిటార్ మెత్తగా సాగుతుంది. చెవి కరిగిపోయాక మాటల మీదికి మనసు పోదు. మాటలేమో నువ్వు తీసే ప్రతి శ్వాసనూ, వేసే ప్రతి అడుగునూ గమనిస్తుంటానంటాయి. కడప ఏడురోడ్ల కూడలి నుంచి మీ ఇంటి గుమ్మం దాకా ఎవరో అడుగులు లెక్కపెడుతూ వెంట వస్తే ఎలా ఉంటుంది? పాట సారం అదే. అయినా పెళ్లి విందుల్లో దీన్ని వేయించుకునేవారికి లోటు లేదు!

1997లో అమెరికా ర్యాప్ గాయకుడు పఫ్ డాడీ ఇదే గిటార్ వరసతో చనిపోయిన స్నేహితుడికి నివాళి పాట కట్టాడు. దాన్ని ముందు విన్నవారు అసలు పాటనూ స్మృతిగీతమే అనుకోవచ్చు. అదీ నిజం కాదు.