అల్లుడూ, ఆ రాయి వెంట పడే ముందు ఇది చదువు

ఒరే అల్లుడూ, మీ అమ్మ నిన్న ఫోన్ చేసి వాడు రాత్రంతా మిద్దె మీదే ఉంటాడు, ఏందో గ్రహశకలమంట, ఆకాశంలోంచి రాయి వస్తుందంట అని వాపోయింది, నాకు నవ్వొచ్చింది, తిరుపతిలో నేనూ ఇన్నేళ్లుగా అదే పని కదా.

ముందు టీవీ కట్టెయ్. వాళ్లకి ప్రతి రాయీ దూసుకొచ్చేదే. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరం, వచ్చేది దానికి ఎన్ని రెట్ల దూరంలో పోతుందో చూసుకో, సగం భయం అక్కడే పోతుంది.

ఇంక అసలు పని. ఏ రాయి ఎప్పుడు ఆకాశంలో ఎక్కడుంటుందో లెక్కిచ్చే నాసా జేపీఎల్ వాళ్ల వెబ్‌సైట్ హొరైజన్స్‌లో పొజిషన్లు తీసేటప్పుడు లొకేషన్ చిత్తూరుకి మార్చు. మార్చకపోతే భూమి నడిమధ్యలో కూర్చుని చూసినట్టు లెక్కిస్తుంది. దూరంగా ఉండేవాటికి పెద్ద తేడా రాదు గానీ చంద్రుడంత దగ్గరికొచ్చిందానికి దాదాపు ఒక డిగ్రీ దాకా తప్పుతుంది, అంటే పక్కపక్కన రెండు పున్నమి చంద్రుళ్లంత. నేను మొదట్లో ఇది తెలీక తెల్లారేదాకా ఖాళీ ఆకాశాన్ని ఫోటోలు తీసినా, పైగా కెమెరాలో చెడిపోయిన పిక్సెల్ ఒకటి కనిపిస్తే అదే రాయి అని మీ అత్తని నిద్ర లేపి చూపించినా, ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

హొరైజన్స్ ఇచ్చే పొజిషన్ల పట్టిక కూడా మొన్నటిది వాడొద్దు, కొత్తగా దొరికిన చిన్న రాయైతే ఆ సాయంత్రమే మళ్లీ తీసుకో. టైమంతా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైంలో ఉంటుంది, మనం అయిదున్నర గంటలు ముందు. ల్యాప్‌టాప్ గడియారం నెట్‌తో కలిపి పెట్టు, ఎందుకంటే నిమిషానికి 60 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరిగే రాయికి ఒక్క సెకను తేడా వచ్చినా పొజిషన్ ఒక ఆర్క్‌సెకను తప్పుతుంది. ఎక్స్‌పోజర్ చిన్నచిన్నవి తీసి తర్వాత కలుపుకో, లేకుంటే చుక్క కాదు గీత పడుతుంది.

కానీ చేయి తిరిగేదాకా దారి బాగా తెలిసి నంబర్లు వచ్చేసిన పాత గ్రహశకలాల పొజిషన్లనే ఫోటోల్లో కొలిచి చూడు. ప్రపంచమంతటి నుంచి గ్రహశకలాల కొలతలు సేకరించే మైనర్ ప్లానెట్ సెంటర్ వాళ్లు మన మిద్దెకి అబ్జర్వేటరీ కోడ్ ఇచ్చేముందు చూసేది కూడా ఆ కొలతలే. మనకి దగ్గర్లోని తమిళనాడు కావలూరు అబ్జర్వేటరీలోనే 1988లో 4130 రామానుజన్ అనే గ్రహశకలం దొరికింది, తెలుసా!

ఢీకొట్టే శాతాలు చూసి మాత్రం కంగారుపడొద్దు. 2024 వైఆర్4 అనే రాయికి 2032లో భూమిని గుద్దే ఛాన్స్ 2025 ఫిబ్రవరిలో 3.1 శాతం దాకా పెరిగి, కొద్దిరోజుల్లోనే దాదాపు సున్నాకొచ్చేసింది. వీధిలో తాళంచెవి పోయిందనుకో, మొదట వీధంతా వెతకాలి, తర్వాత నాలుగు ఇళ్ల ముందే ఉంటుందని తేలితే, అందులో మనిల్లు ఉంటే, మన గుమ్మంలో ఉండే ఛాన్స్ పెరిగినట్టే కదా, చివరికి ఎదురింటి ముందు దొరుకుతుంది. ఇదీ అంతే, కొలతలు పెరిగేకొద్దీ వెతికే జాగా కుంచించుకుపోతుంది.

చీకటి కోసమని పలమనేరు అడవివైపు ఒక్కడివే పోవద్దు, ఏనుగులు తిరుగుతుంటాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మబ్బులే, సంక్రాంతి తర్వాత మొదలుపెట్టు.

అపోఫిస్ గురించి అడిగినావంట. 340 మీటర్ల రాయి, 2029లో భూమికి దాదాపు 32 వేల కిలోమీటర్ల పైనుంచి పోతుంది, గుద్దదు. అన్నిచోట్లా ఏప్రిల్ 13 అని రాసుంటుంది, అది యూటీసీ, బాగా దగ్గరికొచ్చేది మన టైం ప్రకారం 14 తెల్లారుజాము మూడుంపావుకి. అప్పటిదాకా నిద్రపోకుండా 13 సాయంత్రం నుంచే మిద్దెక్కు, నేనూ వస్తా, మీ అమ్మతో ఫ్లాస్కులో కాఫీ పోయించి పెట్టు.

మీ మామ
తిరుపతి