“ఆశ్రయించువారికి శ్రమ”: శాపమా, శోకమా?

సందేహం: బైబిలు యెషయా గ్రంథం 31వ అధ్యాయం మొదటి వచనంలో, సాయానికి ఐగుప్తు (ఈజిప్టు) వెళ్లి గుర్రాలనూ రథాలనూ నమ్ముకున్నవాళ్లను గురించి “ఆశ్రయించువారికి శ్రమ” అని ఉంది. శ్రమ అంటే కష్టపడి పనిచేయడమే కదా? ప్రవక్త వాళ్లను శపిస్తున్నాడా?

సమాధానం: శపించడం లేదు. శ్రమజీవి, శ్రమదానం, శ్రామికుడు లాంటి మాటలు వాడుకలో పెరిగాక శ్రమ అనగానే పనే గుర్తొస్తోంది గానీ, బాధ అన్న అర్థం తెలుగులో ఇంకా బతికే ఉంది. “మిమ్మల్ని శ్రమపెట్టాను” అంటూ చుట్టాలు సెలవు తీసుకుంటారు. ఈస్టరు ముందు రోజులను క్రైస్తవుల ఇళ్లలో శ్రమల దినాలనే అంటారు. కష్టం అన్న మాటదీ ఇదే దారి: “కష్టపడి చదివాడు”, “కష్టాల్లో ఉన్నాడు”.

శాపమే అయితే వాక్యం చివర “కలుగుగాక” లాంటిదో, శాపమని నేరుగా చెప్పే మాటో ఉండాలి. ఇదే నమ్మకం సంగతి చెబుతూ మరో ప్రవక్త యిర్మీయా తన గ్రంథం 17వ అధ్యాయంలో నరుణ్ని ఆధారం చేసుకున్నవాడు “శాపగ్రస్తుడు” అంటాడు. మూలభాష హీబ్రూలో అక్కడి మాట ‘ఆరూర్’. ఇక్కడున్నది ‘హోయ్’. చచ్చిపోయినవాళ్ల కోసం ఏడ్చేటప్పుడు ఎత్తుకునే మాట అది. యిర్మీయా 22:18లో యూదా రాజు యెహోయాకీము పోతే “అయ్యో నా సహోదరుడా” అని ఏడ్చేవాడు ఉండడని చెప్పినచోట ఆ “అయ్యో” ఈ ‘హోయ్’కి తెలుగే. పైగా మన వచనం మూలంలో “వారికి” అనే విభక్తి లేదు. “అయ్యో, ఐగుప్తుకు దిగిపోతున్నవాళ్లారా!” అన్నట్టుంటుంది. బతికున్నవాళ్ల కోసం ముందే శోకం పెడుతున్నాడు ప్రవక్త. ఆ గొంతు “శ్రమ” అన్న నామవాచకంలో వినపడటం లేదనే నా బాధ.

ఆ ఏడుపుకు కారణం లేకపోలేదు. క్రీ.పూ. 705లో అష్షూరు (అస్సీరియా) రాజు సర్గోను చనిపోగానే యూదా రాజు హిజ్కియా కప్పం ఆపేసి ఐగుప్తు వైపు చూశాడు. 701లో సర్గోను కొడుకు, కొత్త రాజు సన్హెరీబు దండెత్తి వచ్చాడు. ఎల్తెకే దగ్గర ఐగుప్తు సైన్యాన్ని ఓడించాననీ, హిజ్కియావి 46 కోట పట్టణాలు పట్టుకుని అతణ్ని యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించాననీ అతని శాసనం చెబుతోంది. వాటిలో లాకీషు ఒకటి. బందీలు మూటాముల్లెతో, పిల్లలతో బయటికి నడుస్తున్న శిల్పాలు ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. యెరూషలేము మాత్రం పడలేదు.

మరి ఆశ్రయించడమే తప్పా అంటే, ఆ వచనంలో దేవుడైన యెహోవా విషయంలో వచ్చే “లక్ష్యపెట్టకయు”, “విచారింపకయు” అన్న రెండు వ్యతిరేక క్రియలూ చూడండి. బరువంతా అక్కడుంది. యెహోవా దగ్గర “విచారింపక” అంటే దిగులుపడకుండా అని కాదు, అడిగి తెలుసుకోకుండా అని. పోలీసు విచారణలో మిగిలింది ఆ పాత అర్థమే. గుర్రాలను లెక్కపెట్టుకున్నారు గానీ అడగవలసినవాణ్ని అడగలేదన్నదే ప్రవక్త ఆరోపణ. అందుకే నేటి తెలుగులో రాయవలసి వస్తే నేను “శ్రమ” తీసేసి, వాక్యం మొదట్లోనే “అయ్యో” పెడతాను.