అకౌంటబిలిటీ అంటే లెక్కలు సరిగ్గా రాయడమేనా?

అకౌంటింగ్‌లో పీహెచ్‌డీకి దిగుతున్నారు, రీసెర్చ్ పేపర్లలో చెప్పే అకౌంటబిలిటీకీ మనం రాసే లెక్కలకీ తేడా ఏంటని అడిగారు. నేనూ బెంగళూరులో ఇదే సబ్జెక్టు చదివాను. కానీ ఆ తేడా మా అపార్ట్‌మెంట్ మీటింగులో తలంటు పోస్తేనే తెలిసొచ్చింది.

2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఊరంతా నీళ్ల ట్యాంకర్ల వెంట పడింది. మారతహళ్లిలో మా అసోసియేషన్‌కి అప్పుడు ట్రెజరర్ని నేనే. మార్చిలో 31 ట్యాంకర్లు, 31 బిల్లులు, ప్రతిదానికీ వోచర్. ఆడిటర్ గారు టిక్కులు కొట్టేశారు. మీటింగులో అనంతపురం ఆవిడ ఒకరు లేచి, "మా బ్లాకుకి రెండు రోజులు నీళ్లెందుకు రాలేదు బాబూ?" అన్నారు.

"ఆడిటర్ గారు అన్నీ చూశారండీ."

"ఆయన్ని కాదు, నిన్ను అడుగుతున్నా. అసలు మమ్మల్ని లెక్కచేస్తున్నావా?"

సంప్ దగ్గరికెళ్తే, వాచ్‌మన్ గోడ మీద సుద్దముక్కతో ట్యాంకర్‌కో గీత గీసి ఉంచాడు. లెక్కపెడితే 29. "రెండు సగం సగమే తెచ్చారు సార్, అందుకే గీత పెట్టలేదు. నన్నెవరూ అడగలేదు" అన్నాడు. పూర్తి బిల్లుకి సంతకం పెట్టింది నేను.

1985లో జాన్ రాబర్ట్స్, రాబర్ట్ స్కేపెన్స్ అనే అకౌంటింగ్ పరిశోధకులు రాసిన వ్యాసంలో అకౌంటబిలిటీ అంటే ఇదే: చేసిన పనికి కారణం అడగడం, చెప్పడం. 1991లో రాబర్ట్స్ దాన్నే రెండుగా విడదీశాడు. పైవాళ్లకు అంకెల్లో ఇచ్చుకునే సంజాయిషీ ఒకటి, సాటివాళ్లతో ముఖాముఖి మాటల్లో తేల్చుకునేది ఇంకొకటి. మొదటిదాంట్లో మన అంకె ఎలా కనిపిస్తుందోనన్న టెన్షనే ఎక్కువ. నా ఫైలు అచ్చం అలాంటిదే.

అన్నట్టు, దీనికి "జవాబుదారీతనం" అని రాస్తారు గానీ నాకు "లెక్క" అన్న మాటే ఇష్టం. డబ్బు లెక్క, లెక్క చెప్పడం, మనిషిని లెక్కచేయడం... ఆవిడ మూడూ కలిపే అడిగారు.

మీ పీహెచ్‌డీ టాపిక్ విషయానికొస్తే, కంపెనీల వార్షిక నివేదికల్లో అకౌంటబిలిటీ అన్న పదం ఎన్నిసార్లు వచ్చిందో వెతికే పని మాత్రం పెట్టుకోకండి. ఎవరు, ఎవరికి, దేనికి సమాధానం చెప్పాలో కళ్లెదురుగా కనిపించే చోటు పట్టుకోండి. 2005 ఉపాధి హామీ చట్టం సెక్షన్ 17 కింద గ్రామసభల్లో జరిగిన సోషల్ ఆడిట్లు, అంటే పనుల లెక్కలు ఊరివాళ్లే చూసి నిలదీసే తనిఖీలు చూడండి, మన ఆంధ్రలోనే బోలెడు సరుకుంది.

ఆ రెండు ట్యాంకర్లలో తగ్గిన నీళ్ల డబ్బు తర్వాతి బిల్లులో కోయించాం. నీళ్లు రాని రెండు రోజులకు నేను చెప్పిన కారణం మాత్రం ఆవిడకి ఇంకా నచ్చలేదు. లిఫ్టులో కనిపిస్తే ఇప్పటికీ అడుగుతారు.