గూఢచారులు యుద్ధాన్ని మార్చగలరా? మీ డిబేట్‌కి గార్బోని పట్టుకోండి

1941లో సోవియట్ యూనియన్‌పై జర్మనీ దాడి చేస్తుందని సోవియట్ గూఢచారి సోర్గే టోక్యో నుంచి ముందే చెప్పినా స్టాలిన్ నమ్మలేదు, కాబట్టి గూఢచర్యం దండగే అని అవతలి జట్టు అంటోందన్నారు కదా. అది వినేవాడి తప్పు, చెప్పినవాడిది కాదు. మీరు గార్బో కథ చెప్పండి. అసలు పేరు హువాన్ పుజోల్, స్పెయిన్ మనిషి. జర్మన్ల గూఢచారిగా నటిస్తూ బ్రిటన్‌కి పనిచేశాడు. లేని ఏజెంట్లను 27 మందిని పుట్టించాడు, వాళ్ల ఖర్చులు కూడా జర్మన్లే భరించారు! 1944 జూన్ 9న, ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో బ్రిటన్, అమెరికా తదితర మిత్రపక్షాల సేనలు దిగిన మూడు రోజులకు, ఇది ఎర మాత్రమే, అసలు దెబ్బ అదే తీరంలో మరోచోట ఉన్న కలే వైపు అని కబురు పంపాడు. జర్మన్లు నమ్మి తమ 15వ సైన్యంలో చాలా భాగాన్ని కలే వైపే ఉంచేశారు. ఆ ఏడాదే ఆయనకు రెండు పక్షాలూ పతకాలిచ్చాయి. ఈ ఒక్క ముక్క బాగా చెబితే చాలు, అవతలివాళ్లు మళ్లీ సోర్గే పేరెత్తరు.